మాస్టారూ, చెప్పండి: ముందు నడిచేవాళ్లు, వెనక మిగిలేవాళ్లు

ప్రశ్న: నమస్కారం మాస్టారూ. మా వీధిలోని నాలుగు కుటుంబాలవాళ్లం, మొత్తం పద్నాలుగు మందిమి, దసరా సెలవులకు గజపతి జిల్లాలోని మహేంద్రగిరి కొండ ఎక్కాలనుకుంటున్నాం. అందరిలో చిన్నది తొమ్మిదేళ్ల మా పాప, పెద్దవారు అరవై ఏడేళ్ల మా మామగారు. కొండ మీది భీముని గుడి చూడాలని ఆయనకు ఎన్నాళ్లుగానో కోరిక. వానాకాలం వెళ్లిపోయింది, గొడుగు కూడా దండగ అంటున్నారు మావారు. మీరేమంటారు?
– ఒక పాఠకురాలు, రాయగడ

జవాబు: మీ మామగారి కోరిక తీరాలనే నాకూ ఉందమ్మా. అయితే మీ వారి మాటతో మాత్రం ఏకీభవించలేను. మన వైపు అక్టోబరు నెల తుపానుల నెల. 2013లో ఫైలిన్ అక్టోబరు 12న గోపాలపురం దగ్గర తీరం దాటింది. ఆ మరుసటి ఏడు సరిగ్గా అదే తేదీన హుద్‌హుద్ విశాఖను ముంచెత్తింది. 2018లో తిత్లీ అక్టోబరు 11న పలాస దగ్గర ఒడ్డెక్కి, ఆ వానతో నేరుగా గజపతి జిల్లా కొండల మీద పడింది. బరఘరా గ్రామస్థులు వానకు తట్టుకోలేక కొండరాళ్ల చాటున తలదాచుకుంటే, ఆ కొండచరియే విరిగిపడి పదిమందికి పైగా పోయారు. ఆ ఊరు మీరు వెళ్లే జిల్లాలోనిదే. బయలుదేరే ముందు నాలుగు రోజులు వాతావరణ శాఖ ప్రకటనలు చూస్తూ ఉండండి. బంగాళాఖాతంలో అల్పపీడనం అన్న మాట వినిపిస్తే ప్రయాణం వాయిదా వేయండి. బండికి ఇచ్చిన బయానా పోతుందని వెనకాడకండి.

తుపాను లేకపోయినా మహేంద్రగిరి తీరు వేరు. ఎత్తు 1501 మీటర్లు, సముద్రమేమో ముప్పై కిలోమీటర్ల లోపే. తేమతో నిండిన సముద్రపు గాలి మైదానం దాటగానే ఆ కొండకు తగిలి పైకి ఎక్కాల్సిందే. ఎక్కేకొద్దీ చల్లబడుతుంది, చల్లబడగానే మబ్బు కడుతుంది. అందుకే పర్లాకిమిడిలో ఎండ కాస్తున్న వేళే శిఖరం మీద చినుకులు పడుతుంటాయి. వెయ్యి మీటర్లకు సుమారు ఆరున్నర డిగ్రీల చొప్పున వేడి తగ్గుతుంది కాబట్టి, పర్లాకిమిడి కన్నా పైన ఎనిమిది తొమ్మిది డిగ్రీలు చల్లగా ఉంటుందని లెక్కవేసుకోండి. తడిసిన నూలు బట్టలతో ఆ గాలిలో నిలబడితే అరవై ఏడేళ్ల ఒంటికి అది చిన్న చలి కాదు. మీ మామగారికీ పాపకూ ఒక్కో జత పొడి బట్టలు, ఒక్కో ఉన్ని స్వెట్టరు ప్లాస్టిక్ సంచిలో మూతికట్టి పెట్టండి. వణుకుతున్న మనిషి ఉన్నట్టుండి మౌనంగా అయిపోయినా, మాట తడబడినా, కాలు తూలినా అది అలసట అనుకోవద్దు. గాలి తగలని చోట కూర్చోబెట్టి, తడి బట్టలు మార్చి, వేడిగా తియ్యటి టీ పట్టించి, మెల్లగా కిందికి తీసుకురండి.

ఇక సమయం సంగతి. స్కాట్లాండ్ కొండల్లో తిరిగిన నైస్మిత్ అనే ఆయన 1892లో ఒక లెక్క కట్టాడు: ఐదు కిలోమీటర్ల నడకకు ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్లకు మరో గంట. ఆ లెక్క దిట్టంగా నడిచేవారిది. పిల్లలూ పెద్దలూ ఉన్న మీ బృందం దానికి ఒకటిన్నర రెట్లు వేసుకోవాలి. ఆపైన ఫలహారాలకూ ఫోటోలకూ పట్టే సమయం వేరు. దసరా రోజుల్లో ఐదున్నరకే పొద్దు వాలిపోతుంది. కాబట్టి వెనుదిరిగే గంటను కొండ ఎక్కకముందే, పొడి బట్టల్లో ఉన్నప్పుడే, అందరూ కలిసి నిర్ణయించుకోండి. నా మాట అడిగితే మధ్యాహ్నం పన్నెండున్నర. గుడి ఎదురుగా కనిపిస్తున్నా సరే, పన్నెండున్నరకు మళ్లిపోవాలి. ఈ మాట మీ మామగారికి ముందే చెప్పి ఒప్పించండి. ఆ గుడి వందల ఏళ్లుగా అక్కడే ఉంది. మాఘంలో శివరాత్రికి వెళితే ఆకాశం తేటగా ఉండే అవకాశం ఎక్కువ, దారి పొడుగునా జనం కూడా ఉంటారు.

ప్రశ్న: మేం పనిచేసే చోటి నుంచి తొమ్మిది మందిమి దేవమాలి కొండకు వెళ్లాం. నా స్నేహితుడి చెప్పు తెగింది. నేను అతనితో ఆగిపోయాను, మిగిలినవాళ్లు వెళ్లిపోయారు. అంతలో మంచు కమ్మింది. పది అడుగుల దూరంలో ఏముందో కనిపించలేదు. గంటకు పైగా అక్కడే ఉండిపోయాం. చివరికి దిగి వస్తే, మీ వల్లే ఆలస్యమైందని మమ్మల్నే తప్పుపట్టారు. ఇకపై ఇలాంటి యాత్రలు మానుకోవడమే మంచిదా?
– ఒక పాఠకుడు, జయపురం

జవాబు: యాత్రలు మానవద్దు బాబూ. మీరు స్నేహితుడి దగ్గర ఆగిపోయారు చూడండి, ఆ తొమ్మిది మందిలో కొండ నడక తెలిసినవారు మీరే.

మీ ఉత్తరం చదువుతుంటే నాకు కోపం వచ్చింది. కొండ మీద వాన వల్ల కలిగే ముప్పు కన్నా బృందం తెగిపోవడం వల్ల కలిగే ముప్పే పెద్దది. తొమ్మిది మంది ఒకచోట ఉంటే మంచు కమ్మినా కూర్చుని బెల్లం ముక్క నములుతూ కబుర్లు చెప్పుకోవచ్చు. అదే మంచులో ఇద్దరు మిగిలిపోతే అది ఆపద. వేగంగా నడిచేవారికి ఇది తట్టదు. వాళ్లు మలుపు దగ్గర ఆగి కూర్చుంటారు, వెనకవాళ్లు రొప్పుతూ చేరగానే ‘వచ్చేశారుగా, పదండి’ అని లేస్తారు. విశ్రాంతి అంతా ముందువాళ్లకే దక్కుతుంది, నిజంగా అవసరమైనవాళ్లకు ఒక్క నిమిషం కూడా దొరకదు.

స్కూల్లో భూగోళం చెప్పిన రోజుల్లో పిల్లలను కొండలకు తీసుకెళ్లేటప్పుడు నేను పాటించిన పద్ధతి చెబుతాను. అందరికన్నా మెల్లగా నడిచే పిల్లవాడిని ముందు నుంచి రెండోవాడిగా నడిపించేవాణ్ని. వాడి నడకే అందరి నడక. అందరికన్నా గట్టివాణ్ని చిట్టచివర పెట్టి, వాడి సంచికి ఎర్ర గుడ్డ కట్టేవాణ్ని. ఎర్ర గుడ్డ వెనక ఎవరూ ఉండకూడదు. ఎవరు మూత్రానికి వెళ్లినా సరే, ఎర్ర గుడ్డవాడు ఆగాల్సిందే. వాడి సంచిలో పురికొస, టార్చిలైటు, ఈల, తెగిన చెప్పు కుట్టడానికి దబ్బనం, దారం ఉండేవి. ప్రతి పిల్లవాడికీ ఒక అంకె ఇచ్చేవాళ్లం. మంచు దిగగానే నేను ‘లెక్క!’ అని కేకవేస్తే ‘ఒకటి, రెండు, మూడు’ అంటూ వెనక దాకా గొంతులు అందుకునేవి. ఒక్క అంకె వినబడకపోయినా ఎక్కడివాళ్లు అక్కడే కూర్చోవాలి. వెతకడానికని తలో దిక్కూ పోకూడదు. మీరూ పెద్దవాళ్లమన్న మొహమాటం లేకుండా ఇలాగే చేయండి.

మంచు కమ్మినప్పుడు మీరు కదలకుండా ఉండిపోవడం కూడా సరైన పనే. దేవమాలి 1672 మీటర్ల ఎత్తున్న గడ్డి కొండ. చెట్టూ పుట్టా ఆనవాలు లేనప్పుడు నాలుగడుగులు తప్పినా వేరే లోయలోకి దిగిపోతాం. సాధారణంగా గాలి మారితే మంచు విడిపోతుంది, కాస్త ఓపిక పట్టాలి. మీవాళ్లతో ఒకసారి కూర్చుని ఈ జవాబు చదివి వినిపించండి. అప్పటికీ ‘మీ వల్లే’ అనేవారుంటే, ఈసారి వేరేవాళ్లతో వెళ్లండి.

ప్రశ్న: మాస్టారూ, గొడుగా, రెయిన్‌కోటా? అలాగే ఉరుములు వస్తే ఫోను ఆపేయాలంటారు, నిజమేనా?
– ఒక విద్యార్థిని, బరంపురం

జవాబు: శిఖరం గాలికి గొడుగు తిరగబడుతుంది తల్లీ, చేతులు రెండూ ఖాళీగా ఉండాలి. రెయిన్‌కోటే తీసుకెళ్లు, సంచిని కూడా కప్పేంత వెడల్పుది.

ఫోను పిడుగును లాగదు. పిడుగుకు కావలసింది ఎత్తు. బోడి కొండ మీద నిలబడ్డ మనిషి, ఒంటరి చెట్టు, తెరిచిన గొడుగు, ఇవే దానికి అందే ఎత్తులు. మన ఒడిశాలో పిడుగుపాటును 2015లోనే రాష్ట్ర విపత్తుల జాబితాలో చేర్చారంటే సంగతి అర్థం చేసుకో. మెరుపు కనిపించాక ముప్పై లెక్కపెట్టేలోపు ఉరుము వినిపిస్తే పిడుగు పది కిలోమీటర్ల లోపే ఉన్నట్టు. గట్టు మీద నుంచి వెంటనే కిందికి దిగాలి. చివరి ఉరుము విన్నాక అరగంట దాకా మళ్లీ పైకి వెళ్లకూడదు. తలుపులు లేని చిన్న రాతి మండపంలోకి దూరితే వాన నుంచి కాపాడుతుందేమో గానీ పిడుగు నుంచి కాదు. అద్దాలు మూసిన జీపు అంతకన్నా నయం. ఫోనులో దామిని యాప్ పెట్టుకో, ఇరవై, నలభై కిలోమీటర్ల లోపు పిడుగుల గురించి హెచ్చరిస్తుంది. కొండ మీద సిగ్నల్ దొరకదు కనుక కింద ఉండగానే చూసుకో. వెళ్తున్నవారి పేర్లు, దిగి వచ్చే గంట ఒక కాగితం మీద రాసి కింద టీ దుకాణంలో ఇవ్వు. ఆ గంటకు రాకపోతే 112కు ఫోను చేయమని చెప్పిరా.