తెలంగాణలో దొరికిన రోమన్ వెండి నాణేల్లో టైబీరియస్‌వే ఎందుకెక్కువ?

మీరు అడిగింది: నల్లగొండ జిల్లా అక్కెనపల్లిలాంటి చోట్ల దొరికిన రోమన్ వెండి నాణేల మీద చక్రవర్తి టైబీరియస్ బొమ్మే అంత ఎక్కువగా ఎందుకుంది, ఆయన మనతో వ్యాపారాన్ని ప్రోత్సహించాడా అని.

ప్రోత్సహించలేదు. పైగా క్రీ.శ. 22లో సెనేట్‌కు రాసిన ఉత్తరంలో, ఆడవాళ్ల రత్నాల కోసం రోమ్ సొమ్ము పరాయి దేశాలకు, శత్రువులకు చేరుతోందని బాధపడ్డాడు. అయినా విలాసాల మీద కొత్త చట్టం తేవడానికి ఒప్పుకోలేదు.

అసలు కారణం ఆయన పాలించిన తీరులో ఉంది. క్రీ.శ. 14లో, 54 ఏళ్ల వయసులో గద్దెనెక్కి 37 దాకా ఉన్నాడు. అనవసరపు ఖర్చు గిట్టని మనిషి. పోయేనాటికి ఖజానాలో 270 కోట్ల సెస్టర్స్‌లు (రోమన్ల డబ్బు లెక్క) మిగిల్చాడని రోమన్ చరిత్రకారుడు సుటోనియస్ రాశాడు. 33లో అప్పులు పుట్టక జనం భూములు తెగనమ్ముకుంటుంటే 10 కోట్ల సెస్టర్స్‌లు మూడేళ్లపాటు వడ్డీ లేకుండా అప్పుగా ఇప్పించాడు. అప్పుకు రెండింతల విలువైన భూమిని హామీ పెట్టాలన్నది షరతు. ఇలాంటివాడు నాణెంతో ఆటలాడడు. మొదట్లో నాలుగు గుర్రాల రథం బొమ్మతో కొన్ని దినారియస్‌లు (రోమన్ వెండి నాణేలు) కొట్టించినా, ఆ తర్వాత చివరిదాకా దాదాపు ఒకే బొమ్మ, మంచి వెండి.

ఆ నాణేన్ని గుర్తుపట్టడం తేలికే. అడ్డుకొలత 18, 19 మిల్లీమీటర్లు, అరగనిది 3.7 నుంచి 3.9 గ్రాములు తూగుతుంది. ఒకవైపు ఆకుల దండ కట్టుకుని కుడివైపు చూస్తున్న తల, చుట్టూ 'దివ్యుడైన ఆగస్టస్ కొడుకు టైబీరియస్ సీజర్ ఆగస్టస్' అని లాటిన్ అక్షరాలు. వెనకవైపు కుర్చీలో కూర్చున్న స్త్రీ, ఒక చేతిలో రాజదండం, మరో చేతిలో కొమ్మ. ఆమె టైబీరియస్ తల్లి లివియా అని చాలామంది అంటారు. అచ్చు పక్కకు జరిగి అక్షరాలు సగం పోయినవి బోలెడుంటాయి, అప్పుడు ఈ కూర్చున్న స్త్రీనే ఆనవాలుగా పట్టుకోండి.

ఇద్దరు యువకులు నిలబడి, మధ్యలో డాళ్లు, ఈటెలు ఉంటే అది టైబీరియస్‌కు ముందు చక్రవర్తి ఆగస్టస్‌ది. ఆ ఇద్దరూ ఆయన మనవలు గైయస్, లూసియస్. వారసులు కావాల్సినవాళ్లు. లూసియస్ క్రీ.శ. 2లో, గైయస్ 4లో చనిపోయారు. అంతకుముందు రోమ్ వదిలి రోడ్స్ దీవికి వెళ్లిపోయిన టైబీరియస్‌ను ఆగస్టస్ దత్తత తీసుకున్నది ఆ తర్వాతే. మన దేశంలో దొరికిన రాశుల్లో ఎక్కువగా ఈ రెండు రకాలే పక్కపక్కన ఉంటాయి. ఒకే కుండలో, వారసులు కాలేకపోయినవాళ్లూ వాళ్ల బదులు రాజైనవాడూ.

ఇక ఇక్కడ చాలామంది పొరబడే చోటు ఒకటుంది. టైబీరియస్ నాణేలున్నాయి కాబట్టి ఆయన కాలంలోనే వచ్చాయనుకోవడం సరికాదు. క్రీ.శ. 64లో చక్రవర్తి నీరో, ఒక రోమన్ పౌండు బరువు వెండికి 84 దినారియస్‌ల చోట 96 కొట్టించాడు, వెండి పాళ్లూ తగ్గించాడు. సరుకును వెండి తూకానికి అమ్మే వర్తకుడు పాతవాటినే ఏరి తీసుకుంటాడు. అందుకని నాణెం మీది పేరు అది ఎప్పుడు తయారైందో చెబుతుందే తప్ప ఓడెక్కిన ఏడాది చెప్పదు. నా అంచనాలో చాలావరకు నీరో తర్వాతే వచ్చి ఉంటాయి.

రాగి మీద వెండి పూత పూసిన దొంగ నాణేలు ఆ రోజుల్లోనే ఉండేవి. చెంప, చెవి దగ్గర ముందుగా అరుగుతుంది, అక్కడ ఎర్రగానో పచ్చగానో కనిపిస్తే అనుమానించండి. మన దేశంలో దొరికిన కొన్నింటి మీద ఉండే ఉలి గాటును లోపం కింద లెక్కగట్టకండి, లోపలిదాకా వెండేనా అని చూడటానికీ అలా కొట్టేవాళ్లు. అంచు చుట్టూ సన్నని గీత నడుస్తుంటే మాత్రం అచ్చులో పోత పోసిన నకిలీ అయ్యుండొచ్చు.

చింతపండుతోనో పొడితోనో తోమకండి, అక్షరాలు అరిగిపోతాయి. పొలంలో దొరికితే విడదీయకుండా, కుండ పెంకులతో సహా అలాగే ఉంచి అధికారులకు తెలపండి. ఏ కుండలో ఏవి కలిసి ఉన్నాయో తెలియకపోతే అవి ఎప్పుడు పూడ్చారో అంచనా వేయడం ఎవరి తరమూ కాదు.