చారలు సరిగ్గా పడకపోతే కోడ్ ఏం చేస్తుంది?

సుమతీ,

ఎర్ర రక్తకణాలు కొలవడానికి నువ్వు డిజిటల్ హోలోగ్రఫీతో తీసి పంపిన ఫైళ్ళు చూశాను, అదే, లేజర్ బీమ్ ఒకటి కణం గుండా పంపి, రెండోదానితో కలిపితే కెమెరా మీద పడే చారల బొమ్మలు, హోలోగ్రాములు. ముందు ఒక మాట, ఆ కోడ్‌ని కొన్నాళ్ళు అలా వదిలెయ్. అన్‌రాపింగ్ (తరంగం ఎంత వెనకబడిందో చెప్పే ఫేజ్ ఒక చుట్టు దాటగానే మళ్ళీ మొదటికొస్తుంది కదా, దాన్ని వరసగా అతికే లెక్క) పద్ధతి మార్చి మార్చి చూస్తున్నానన్నావు గానీ నువ్వు వెతకాల్సింది టేబుల్ మీద, కంప్యూటర్‌లో కాదు.

ఒక్కసారి లెక్క వేసి చూడు. ఎర్ర రక్తకణం మందం రెండు మైక్రాన్ల చుట్టూ ఉంటుంది, చుట్టూ ఉన్న ద్రవంతో దాని వక్రీభవన గుణకం (కాంతిని ఎంత నెమ్మదింపజేస్తుందో చెప్పే అంకె) తేడా సుమారు 0.06. రెండూ గుణిస్తే 0.12 మైక్రాన్లు, అంటే నీ 632.8 నానోమీటర్ల హీలియం-నియాన్ లేజర్ తరంగంలో ఐదో వంతు కూడా లేదు, ఫేజ్‌లో చెప్పాలంటే 1.2 రేడియన్లు. ఇంత చిన్నదానికి అన్‌రాపింగ్ దేనికి? బొమ్మంతా ఫేజ్ చుట్లు తిరుగుతోందంటే అది కణం వల్ల కాదు, రెండు బీమ్‌ల మధ్య ఉన్న వాలు, మైక్రోస్కోపు ఆబ్జెక్టివ్ లెన్స్ ఇచ్చిన వంపు ఇంకా అందులోనే ఉండిపోయాయని అర్థం. స్లైడ్‌ని కాస్త జరిపి, కణాలు లేని చోట ఒక ఖాళీ హోలోగ్రాం తీసి, దాని ఫేజ్‌ని దీంట్లోంచి తీసెయ్. సగం టెన్షన్ అక్కడే పోతుంది.

ఇక రికార్డింగ్ సంగతి. జేపెగ్‌లో సేవ్ చేశావు చూడు, అది మాత్రం ఇంకెప్పుడూ చేయకు! మన సమాచారమంతా ఆ సన్నని చారల్లోనే ఉంటుంది, జేపెగ్ ముందుగా కత్తిరించేదీ వాటినే. టిఫ్ పెట్టు, ఆటో ఎక్స్‌పోజర్, ఆటో గెయిన్ ఆపెయ్, గామా 1 ఉంచు. ఒక్క పిక్సెల్ కూడా తెల్లగా నిండిపోకుండా చూసుకో, నిండితే ఎఫ్‌ఎఫ్‌టీలో (చారల్ని వాటి సన్నదనాన్ని బట్టి మచ్చలుగా విడదీసే లెక్కలో) లేని మచ్చలు పుట్టుకొస్తాయి. కణం గుండా వెళ్ళని రిఫరెన్స్ బీమ్‌ది, వెళ్ళే ఆబ్జెక్ట్ బీమ్‌ది ప్రకాశం దాదాపు సమానంగా, పోలరైజేషన్ (తరంగం ఊగే తీరు) ఒకే దిక్కుగా ఉండాలి.

రెండు బీమ్‌ల మధ్య కోణం గురించి అడిగావు. 1948లో భౌతిక శాస్త్రవేత్త గాబర్ హోలోగ్రఫీని ప్రకటించినప్పుడు రెండు తరంగాలూ ఒకే వరుసలో వచ్చేవి, అందుకే అసలు బొమ్మ మీద దాని జంట బొమ్మ వచ్చి పడేది. 1962లో లీత్, ఉపాట్నియెక్స్ రిఫరెన్స్‌ని పక్కకి వంచి ఆ చిక్కు విప్పారు. వాళ్ళది ఫొటో ప్లేటు కాబట్టి ఎంత వంచినా చెల్లింది, మనది కెమెరా. మీ కెమెరా పిక్సెల్ 3.45 మైక్రాన్లు అన్నావు, చారకి కనీసం రెండు పిక్సెళ్ళు కావాలి కాబట్టి 5.2 డిగ్రీలు దాటితే అంతా అబద్ధమే. నేనైతే చారకి నాలుగు పిక్సెళ్ళు పెట్టుకుంటాను, అంటే రెండున్నర డిగ్రీల దగ్గర. కోణం మరీ తగ్గిస్తే ఎఫ్‌ఎఫ్‌టీలో మధ్య మచ్చ వచ్చి, మన సమాచారం ఉన్న పక్క మచ్చ మీద ఎక్కుతుంది, అదీ పనికిరాదు.

ఫ్యాన్ ఆపు. ఏసీ గాలి నేరుగా టేబుల్ మీదకి రాకుండా చూడు, లేజర్‌ని ముందే వేసి వేడెక్కనివ్వు. ఇవన్నీ అయ్యాక నిమిషం తేడాతో రెండు ఖాళీ హోలోగ్రాములు తీసి, వాటి ఫేజ్‌ల తేడాలో ప్రామాణిక విచలనం ఎంతో చూడు. నీ సెటప్ నిజాయితీ అంతా ఆ అంకెలోనే తెలుస్తుంది. అది 0.1 రేడియన్ దగ్గరుంటే కణం అంచుల గురించి గొప్పగా చెప్పుకోకు.

థీసిస్‌లో 'ఎత్తు' అని రాసేటప్పుడు కూడా జాగ్రత్తమ్మా. మనకి దొరికేది మందం, గుణకం తేడా కలిసిన లబ్ధం మాత్రమే. కణం ఉబ్బితే రెండూ మారతాయి. గుణకం వేరువేరుగా ఉన్న రెండు ద్రవాల్లో అదే కణాన్ని కొలిస్తే విడదీయవచ్చు, ఓపిక కావాలి అంతే.

ఫేజ్ కాంట్రాస్ట్ మైక్రోస్కోపు ఉండగా ఈ హోలోగ్రఫీ ఎందుకని మీ గైడ్ అడిగారన్నావు కదా. అందులో కణం కనబడుతుంది, ఇందులో అంకె వస్తుంది. పైగా ఒక్క ఫ్రేమ్ తీసి తర్వాత ఏ లోతుకైనా ఫోకస్ చేసుకోవచ్చు, అందుకే విమానానికి హోలోడెక్ అనే పరికరం కట్టి మేఘంలోని నీటి బిందువుల సైజు కొలుస్తున్నారు, సముద్రంలో ప్లాంక్టన్‌నీ ఇలాగే చూస్తున్నారు. ఆయనకి ఇది చెప్పు.

ఈసారి ఫైళ్ళతో పాటు ఖాళీ హోలోగ్రాం, ఎక్స్‌పోజర్ సమయం కూడా పంపు, అవి లేకుండా చూడను.

బాబాయ్