సొనాటా విన్నవాళ్ళు ఏమన్నారో ముందు రాసిపెట్టుకో

ఒంగోలు

చి. అమ్మాయికి,

ఆశీస్సులు. నీ ఉత్తరమూ, మొబైల్లో పంపిన రికార్డింగూ అందాయి. నువ్వు రాసిన మూడు మూవ్‌మెంట్ల (భాగాల) పియానో సొనాటాని నెల్లూరులో వాయించి వారం తిరక్కముందే "రెండో మూవ్‌మెంటు తీసేసి కొత్తది రాస్తాను మాష్టారూ, ఎవరికీ ఎక్కలేదు" అంటున్నావు. పెన్సిలు కాసేపు పక్కన పెట్టు. అంతమంది అన్ని రకాలుగా అన్న మాటల్ని ఒకే పేరాలో కుక్కేసి, చివర్లో నువ్వే తీర్పు రాసేశావు.

ముందు ఆ మాటల్ని విడివిడిగా ఒక నోట్‌బుక్కులో రాసుకో. ఎవరన్నారు, వాళ్ళకి ఏ సంగీతం అలవాటు, హాల్లో ఎక్కడ కూర్చున్నారు, ఏ ముక్క గురించి అన్నారు, అన్నీ రాయి. వాళ్ళ మాట వాళ్ళు అన్నట్టే రాయి. ఒకాయన "మధ్యలో కొంచెం సాగిందమ్మా" అంటే నువ్వు నాకు "బోరు కొట్టిందట" అని రాశావు. ఆయన ఆ మాట అనలేదు కదా.

బాగుంది అన్నవాళ్ళని పక్కన పెట్టేయ్. హాలు బయట మలైకాజా ప్లేటు చేతికిచ్చి "ఎట్టా ఉందండీ" అని అడిగితే నెల్లూరోళ్ళు ఎవరైనా "బ్రహ్మాండం" అనే అంటారు, అది మర్యాద. మీ అమ్మ కళ్ళు తుడుచుకోవడం, మీ నాన్న ఎన్ని కుర్చీలు నిండాయో చూసుకోవడం కూడా లెక్కలోకి రావు. వాళ్ళు విన్నది నిన్ను. నిజంగా తెలుసుకోవాలంటే రెండు మూడు రోజులాగి ఫోన్ చెయ్యి. నచ్చిందా అని అడగొద్దు. ఏదైనా ముక్క గుర్తుంటే ఒకసారి కూనిరాగం తీయమను. ఎక్కడ టైము చూసుకున్నారో అడుగు. నీ మొదటి థీమ్‌ని (ముఖ్యమైన వరసని) తప్పో ఒప్పో ఒక్కరు పాడగలిగినా, పొగడ్తలన్నిటికంటే నీకు అదే ఎక్కువ పనికొస్తుంది. వాళ్ళు చెప్తున్నంతసేపూ గమ్మున విను. ఎందుకలా రాశావో వివరించడం మొదలుపెడితే అవతలివాళ్ళు మొహమాటపడి ఆగిపోతారు.

వయొలిన్ మాష్టారి విషయంలో జరిగింది అదే. ఆయన "మధ్యలో శ్రుతి మారిపోయిందమ్మా" అనగానే నువ్వు కీ (ఆధార స్వరం) మార్పుల గురించి పాఠం చెప్పావు, ఆయన "ఓహో" అనేసి వెళ్ళిపోయారు. ఆ మాటలో రెండు సంగతులు ఉండొచ్చు. మొదటిది, ఆ పియానో నిజంగానే శ్రుతిలో లేదు. పై ఆక్టేవులో రెండు మూడు స్వరాలు కిందికి దిగి ఉన్నాయి, రికార్డింగులో నాకు స్పష్టంగా వినపడింది. రెండొందలకు పైగా తీగలున్న వాద్యం అది. నెల్లూరు లాంటి సముద్రపు గాలి తగిలే ఊళ్ళో, నవంబరు వానలు పట్టాక, చెక్క ఉబ్బుతుంది, ఫెల్టు చెమ్మ పీలుస్తుంది, తీగల బిగువు మారుతుంది. నువ్వు రాసినదాని మీద విమర్శ అనుకున్నది కాస్తా పియానో మీద విమర్శ అయి ఉండొచ్చు.

రెండోది ఇంకా ముఖ్యం. తంబూరా పక్కన పెరిగిన చెవికి కచేరీ మొదలైనప్పటి నుంచి మంగళం దాకా షడ్జమం కదలదు. సొనాటా నడిచేదే షడ్జమాన్ని కదిలించడం మీద. నీ మొదటి థీమ్ డి మైనర్‌లో ఉంది, రెండోది ఎఫ్ మేజర్‌కి వెళ్ళింది, డెవలప్‌మెంట్‌లో (థీముల్ని విడదీసి తిప్పే మధ్య ముక్కలో) ఎక్కడెక్కడో తిరిగి, చివరికి రెండు థీములూ డి దగ్గరికే వచ్చాయి. ఆయన చెవి మొదటి మలుపుని కచ్చితంగా పట్టుకుంది. అది తప్పు పట్టడం అని నువ్వెందుకు అనుకున్నావు? "మళ్ళీ ఎక్కడ కుదిరినట్టు అనిపించింది మాష్టారూ" అని అడిగి ఉండాల్సింది. రీక్యాపిట్యులేషన్ (థీములు తిరిగొచ్చే చోటు) దగ్గర అని ఆయన చెప్తే నీ కట్టడం నిలబడ్డట్టే. చెప్పలేకపోతే అక్కడ నీకు పని ఉంది. ఆయనకి ఫోన్ చెయ్యి. గ్రహభేదం (షడ్జమాన్ని వేరే స్వరం మీదికి మార్చడం) లాంటిది చేశానని ఒక్క మాట చెప్తే చాలు, మిగతాది ఆయనకి నువ్వు చెప్పనక్కర్లేదు.

ఇక రెండో మూవ్‌మెంటు. "ఆనందభైరవిలా మొదలై ఎటో పోయింది" అని ఇద్దరు ముగ్గురు పెద్దవాళ్ళు అన్నారని రాశావు. అనరూ మరి? కార్యక్రమం కాగితం మీద "ఆనందభైరవి ఆధారంగా" అని అచ్చు వేయించావు. శ్యామశాస్త్రి గారు ఆ రాగాన్ని ఎక్కడికి తీసుకెళ్ళారో తెలిసినవాళ్ళు వాళ్ళు (ఆయన పూర్వీకులది మన కంభం అని చెప్తారు, ఆ గర్వం మన వైపువాళ్ళకి కాస్త ఉంటుంది). ఆ పేరు కాగితం మీద చూసి కూర్చున్నవాళ్ళు గమకం కోసం ఎదురుచూస్తారు. పియానో మీద స్వరాన్ని ఊపలేవు, జార్చలేవు, సుత్తి తీగకి తగిలాక ఆ స్వరం నీ చేతిలో ఉండదు. నువ్వు రాసింది ఆ రాగం నీడ పడిన ఒక లాలిపాట. అది చక్కగా ఉంది. దాంట్లో ఒక్క స్వరం ముట్టుకోకు, కాగితం మీద ఆ పేరు మాత్రం కొట్టెయ్. "రెండో మూవ్‌మెంటు, నెమ్మదిగా" అంటే సరిపోతుంది.

ఇప్పుడు సాగింది అన్న మాటకొద్దాం. నేను నీ రికార్డింగు విన్నది నీకోసం కాదు, దగ్గుల కోసం. మొబైలు కుర్చీల మధ్య పెట్టడం మంచిదైంది. నిజం పలికేవి గొంతు సవరించుకోవడం, కుర్చీ కిర్రుమనడం, పక్కవాడితో గుసగుస, ఇవే. రష్యా పియానిస్టు, సంగీతకర్త రాక్‌మానినోవ్ 1931లో రాసిన కొరెల్లి వేరియేషన్ల (ఒకే వరసని రకరకాలుగా మార్చి రాసిన ముక్కల) సంగతి ఎప్పుడో చెప్పాను. తోటి సంగీతకర్త మెట్నర్‌కి రాసిన ఉత్తరంలో, హాల్లో దగ్గులు ఎక్కువైతే తర్వాతి వేరియేషన్ వదిలేస్తున్నానని రాశాడు. ఒక చిన్న ఊళ్ళో 20లో 10 మాత్రమే వాయించాడట, న్యూయార్క్‌లో 18 దాకా వెళ్ళాడట. అంతటివాడు కూడా దగ్గులు విన్నాడు, నువ్వూ విను. కానీ వాయిస్తూ వాయిస్తూ కోసెయ్యకు, ఇంటికొచ్చాక లెక్క చూసుకో.

నీ రికార్డింగులో దగ్గులు నువ్వు భయపడ్డ రెండో మూవ్‌మెంటులో లేవు. మొదటి దాంట్లోనే, డెవలప్‌మెంట్ సగంలో మొదలయ్యాయి. ఎడమచేతిలో ఆ నాలుగు స్వరాల ముక్కని ఒక్కో మెట్టు ఎక్కిస్తూ నాలుగుసార్లు వాయించావు చూడు, సరిగ్గా మూడోసారి దగ్గర. రెండుసార్లు విన్నాక మూడోది ఏం రాబోతోందో అందరికీ తెలిసిపోయింది. అక్కడ అలిసిపోయినవాళ్ళే రెండో మూవ్‌మెంటుకి వచ్చి "సాగింది" అన్నారు. జాకెట్టు చెయ్యి పట్టేస్తోందని ఎవరైనా అంటే టైలరు ముందు భుజం కుట్టు చూస్తాడు. ఆ నాలుగులో చివరిది తీసేయ్, మూడోదాన్ని అనుకోని చోటికి తిప్పు.

కోత అనగానే మొత్తం నరికేయకు. రాక్‌మానినోవ్ తన రెండో సొనాటాని 1913లో రాసి, పొడవైందని, వరసలు కిక్కిరిశాయని 1931లో బాగా కుదించాడు. ఏది వాయించాలని పియానిస్టులు ఈనాటికీ తేల్చుకోలేదు. పియానిస్టు హొరొవిట్జ్ అయితే రాక్‌మానినోవ్ అనుమతితోనే రెండూ కలిపి తనకో రూపం తయారుచేసుకున్నాడు. కోత సరిగ్గా కుదిరిన కథ బీథోవెన్‌ది. వాల్డ్‌స్టెయిన్ సొనాటాకి మొదట ఒక పొడుగాటి నెమ్మది మూవ్‌మెంటు రాశాడు. పొడవైందని ఒక స్నేహితుడంటే ముందు అతని మీద మండిపడ్డాడని శిష్యుడు రీస్ రాశాడు. కోపం చల్లారాక ఆలోచించి, దాన్ని తీసి 28 బార్ల (తాళం కొలతల) చిన్న ప్రవేశిక పెట్టాడు. తీసినదాన్ని చింపెయ్యలేదు, విడిగా అచ్చు వేయించాడు. నువ్వు తీసినవి కూడా ఒక ఫైల్లో దాచు.

మైకు సెట్టు కుర్రాడి మీద కోపంగా ఉన్నావు, కోడా (చివరి ముగింపు ముక్క) ముందు సౌండు తగ్గించేశాడని. అతనంత నిజాయితీగా స్పందించినవాళ్ళు ఆ హాల్లో ఇంకొకరు లేరు. అయిపోయిందనుకున్నాడు, చెయ్యి వేశాడు. ఎందుకనుకున్నాడు? ఆ మౌనానికి ముందు నువ్వు డి మైనర్ కార్డు నిండుగా, కింద డితో సహా, ఫుల్‌స్టాప్ పెట్టినట్టు కొట్టావు. పైగా చేతులు ఒళ్ళో పెట్టుకున్నావట. ఆ కార్డుని డొమినెంట్ (ఇంకా ముగియలేదనిపించే ఐదో స్వరం) మీద వదిలెయ్, చేతులు కీల మీదే ఉంచు, పెడల్ పూర్తిగా ఎత్తొద్దు. అప్పుడు ఎవరూ చప్పట్లకి లేవరు, ఎవరూ ఫేడరు తగ్గించరు.

మొదటి మూవ్‌మెంటు అవగానే చప్పట్లు కొట్టారని సిగ్గుపడ్డావు కదా, అదేం పెద్ద విషయం కాదు. 1778లో పారిస్‌లో తన సింఫనీ మొదటి మూవ్‌మెంటు నడుస్తుండగానే జనం చప్పట్లు కొట్టారని మొజార్ట్ సంబరంగా నాన్నకి ఉత్తరం రాశాడు. తల కొంచెం వంచి, రెండోది మొదలుపెట్టు.

చెన్నై నుంచి వచ్చిన పియానో టీచరు "మూడింటికీ పొంతన లేదు" అన్నదే నిన్ను బాగా కుంగదీసిందని నాకు తెలుసు. షోపాన్ రెండో సొనాటా గురించి తోటి సంగీతకర్త షూమన్ దాదాపు అదే అన్నాడు, నలుగురు పిచ్చి పిల్లల్ని ఒక తాడుకి కట్టాడని. అందులో మూడోది ఈనాడు ప్రపంచమంతా శవయాత్రల్లో మోగే మార్చ్. సంగీతకర్త లిస్ట్ తన బి మైనర్ సొనాటాని 1854లో అచ్చు వేసి ఆ షూమన్‌కే అంకితమిస్తే, ఆయన భార్య క్లారా అది ఉత్త గోల అని డైరీలో రాసుకుంది, పైగా దీనికి థాంక్స్ కూడా చెప్పాలా అని వాపోయింది. చెవులున్నవాళ్ళు కూడా మొదటిసారి అలా వింటారు. అయితే ఇది చదివి నువ్వు షోపాన్‌వి అనుకోకు. తిట్టించుకున్న ప్రతీదీ గొప్పది కాదు, మరిచిపోయినవే ఎక్కువ. ఆ టీచరు మాటని పరీక్షించడం తేలిక: మూడు మూవ్‌మెంట్ల మొదటి పేజీలు పక్కపక్కన పరిచి, మొదటి దాంట్లోని ఏ ముక్క మిగతా రెండింట్లో ఎక్కడ వచ్చిందో ఎర్ర పెన్నుతో గీతలు గియ్యి. గీతలు పడితే ఆయనకి వినపడలేదని అర్థం, అది వాయింపులో సరిదిద్దుకోవాలి. గీతలు పడకపోతే ఆయన చెప్పింది నిజం.

ఇక్కడ ఒంగోలులో వచ్చే నెల వాయించేటప్పుడు రెండో మూవ్‌మెంటు టెంపో కొంచెం పెంచు. ఫ్యాన్లు తిరిగే హాల్లో అప్‌రైట్ (నిలువు) పియానో మీద పొడుగు స్వరాలు త్వరగా చచ్చిపోతాయి. కార్యక్రమానికి రెండు రోజుల ముందే చెన్నై నుంచి ట్యూనర్ని పిలిపించాలి, ఖర్చు సంగతి మీ నాన్నతో నేను మాట్లాడతాను. వచ్చేటప్పుడు బార్ నంబర్లు వేసిన జిరాక్సు ఒకటి నాకు తీసుకురా. మొబైలు ఈసారి కూడా కుర్చీల మధ్యే పెడదాం.

ఇట్లు,
మీ మాష్టారు