బారాలాచా లా దగ్గర బోల్తాపడిన బండి: పరిహారం ఎవరిని అడగాలి?

ప్రశ్న: లాయరు గారికి నమస్కారం. మాది విజయవాడ. మా తమ్ముడికి 29 ఏళ్లు, ప్రైవేటు ఉద్యోగి. జూన్ రెండో వారంలో మరో తొమ్మిది మందితో కలిసి మనాలి నుంచి లేహ్‌కు రోడ్డు యాత్రకు వెళ్లాడు. ఏటా వేసవిలో ఇలాంటి యాత్రలు నడిపే ఒకాయన తలా 32 వేల రూపాయలు తీసుకుని మూడు బండ్లు మాట్లాడారు. రెండు టాక్సీలు, మూడోది ఆయనకు తెలిసినవారి తెల్ల బోర్డు బండి, అంటే సొంత వాడకానిది. మా తమ్ముడు ఎక్కింది ఆ మూడోదే. తెల్లవారుజామున మనాలిలో బయలుదేరి ఆ రాత్రికే సర్చు చేరాలన్నది ప్రణాళిక. చీకటి పడ్డాక బారాలాచా లా కనుమ దాటి దిగుతుండగా మలుపులో బండి బోల్తాపడింది. తొడ ఎముక విరిగి ఆపరేషన్ జరిగింది. కేలాంగ్ పోలీసులు కేసు రాశారు కానీ కాపీ మా దగ్గర లేదు. సొంత బండిని అద్దెకు తిప్పారు కాబట్టి డబ్బు ఇవ్వబోమని బీమా కంపెనీ అంటోంది. యాత్ర నడిపినాయనేమో ‘ఏం జరిగినా బాధ్యత నాదే’ అని అందరూ సంతకం చేసిన కాగితం చూపిస్తున్నారు. తాను వ్యాపారిని కాదని, స్నేహితుల ఖర్చులు ఒకచోట చేర్చానంతే అని కూడా అంటున్నారు. మిగతా బండ్లలో సర్చు చేరినవాళ్లలో ఇద్దరికి ఆ రాత్రే ఊపిరాడక వెనక్కి రావాల్సి వచ్చింది. వాళ్లకూ పైసా తిరిగి ఇవ్వలేదు. కేసు వేయాలంటే హిమాచల్ వెళ్లాలా? బీమా కంపెనీకి ‘స్నేహితుడి బండిలో ఊరికే వెళ్లాడు’ అని చెబితే పని జరుగుతుందని ఒకరు సలహా ఇచ్చారు. ఏం చేయమంటారు?

జవాబు: ముందు గడువు సంగతి చూద్దాం. రోడ్డు ప్రమాదంలో గాయపడినవారు పరిహారం కోసం మోటారు ప్రమాదాల ట్రిబ్యునల్‌లో వేసే దరఖాస్తు, ప్రమాదం జరిగిన ఆరు నెలల్లోగా పడాలని మోటారు వాహనాల చట్టం 166(3) సెక్షన్ చెబుతోంది. 2019 సవరణలో వచ్చిన ఈ నిబంధన 2022 ఏప్రిల్ 1 నుంచి అమల్లో ఉంది. అంతకుముందు చాలా ఏళ్లపాటు ఇలాంటి గడువేదీ లేదు. అందుకే ‘కాలు బాగయ్యాక చూద్దాంలే’ అనే ధోరణి మన ఇళ్లలో ఇంకా పోలేదు. ఈ ఆరు నెలల షరతును సవాలు చేసిన వ్యాజ్యాలు సుప్రీంకోర్టుకు చేరిన మాట నిజమే. వాటి మీద ఆశ పెట్టుకుని మీరు ఆలస్యం చేయాల్సిన పని లేదు. ప్రమాదం జూన్ రెండో వారంలో జరిగింది కాబట్టి డిసెంబరు మొదటి వారం దాటకుండా దరఖాస్తు వేయండి. వైద్యం ఇంకా సాగుతున్నా ఫరవాలేదు, తర్వాతి బిల్లులు విచారణలో చూపించుకోవచ్చు.

హిమాచల్ వెళ్లనక్కర్లేదు. ప్రమాదం జరిగిన చోటే కాక, బాధితుడు నివసించే చోట ఉన్న ట్రిబ్యునల్‌లోనూ దరఖాస్తు వేసుకోవచ్చని అదే 166వ సెక్షన్ అంటోంది. విజయవాడలోనే వేయండి. అక్కడి నుంచి రావాల్సినవి కాగితాలు మాత్రమే. ఎఫ్ఐఆర్ కాపీని బాధితుడికి ఉచితంగా ఇవ్వాలని భారతీయ నాగరిక సురక్షా సంహిత (పాత సీఆర్‌పీసీ స్థానంలో వచ్చిన చట్టం) 173వ సెక్షన్ చెబుతోంది. పైగా ఎఫ్ఐఆర్‌లను పోలీసు వెబ్‌సైట్లలో పెట్టాలని 2016లోనే సుప్రీంకోర్టు ఆదేశించింది. కొండ ప్రాంతాల్లో ఇంటర్నెట్ ఇబ్బందులుంటాయని గరిష్ఠంగా 72 గంటల దాకా వెసులుబాటు కూడా ఇచ్చింది. కాబట్టి ముందు హిమాచల్ పోలీసు వెబ్‌సైట్‌లో వెతకండి, దొరక్కపోతే కేలాంగ్ స్టేషన్‌కు రిజిస్టర్డ్ పోస్టులో దరఖాస్తు పంపండి. ప్రమాద సమాచార నివేదికను మూడు నెలల్లో ట్రిబ్యునల్‌కు పంపాల్సిన బాధ్యత మోటారు వాహనాల చట్టం 159వ సెక్షన్ ప్రకారం దర్యాప్తు అధికారిదే. అది పంపారో లేదో, పంపితే ఏ ట్రిబ్యునల్‌కు పంపారో అదే దరఖాస్తులో అడగండి.

ఇక ఆ సంతకాల కాగితం. ఇలాంటివి ఇప్పుడు ప్రతి సాహసయాత్రలోనూ బయలుదేరే ముందు రాత్రి పంచిపెడుతున్నారు. చదివేవాళ్లు తక్కువ, భయపడేవాళ్లు ఎక్కువ. న్యాయస్థానానికి వెళ్లే హక్కును పూర్తిగా వదులుకునే ఒప్పందం భారత కాంట్రాక్టు చట్టం 28వ సెక్షన్ ప్రకారం చెల్లదు. డ్రైవరు నిర్లక్ష్యానికీ, నిర్వాహకుడి నిర్లక్ష్యానికీ ముందుగానే మాఫీ రాయించుకుంటే దాన్ని కోర్టులు గౌరవిస్తాయని అనుకోవడానికి లేదు. అలాగని ఆ కాగితం ఉత్త చెత్త కూడా కాదు. మంచు పడి దారి మూతపడటం, కొండచరియ విరిగిపడటం, ఎత్తులో తలనొప్పి, వాంతులు రావడం వంటి సహజ ప్రమాదాలు తెలిసే వెళ్లారని చెప్పడానికి అది పనికొస్తుంది. కనుమ మీద మంచు కురిసి రెండు రోజులు దారి మూసేశారనుకోండి, దానికి నిర్వాహకుణ్ని తప్పుపట్టలేం. మీ తమ్ముడి విషయంలో జరిగింది అది కాదు. రోడ్డు మీద పోతున్న బండి ఇంకేదీ తగలకుండా దానంతట అదే బోల్తాపడితే, డ్రైవరు తప్పు లేదని వివరించాల్సింది సాధారణంగా అవతలి పక్షమే.

అసలు చిక్కు మీ చివరి ప్రశ్నలో ఉంది. ‘ఊరికే వెళ్లాడు’ అని చెప్పమన్న మనిషికి చట్టం సగం తెలుసు. సొంత కారుకు సమగ్ర పాలసీ ఉంటే అందులో ప్రయాణించేవారికీ రక్షణ ఉంటుందని 2012లో సుప్రీంకోర్టు తేల్చింది. కేవలం థర్డ్ పార్టీ పాలసీ (బండి బయటివారికి జరిగే నష్టానికి తీసుకునేది) అయితే ఆ రక్షణ ఉండదు. కాబట్టి మొట్టమొదట తెలుసుకోవాల్సింది ఆ తెల్ల బోర్డు బండికి ఏ పాలసీ ఉందన్నది. సమగ్ర పాలసీయే అయినా, అద్దెకు తిప్పకూడదన్న షరతు అందులో ఉంటుంది. ఆ షరతు ఉల్లంఘనను బీమా కంపెనీ తన వాదనగా వాడుకోవచ్చని మోటారు వాహనాల చట్టం 150వ సెక్షన్ ఒప్పుకుంటుంది. ‘డబ్బు ఇవ్వలేదు’ అని మీరు అంటే ఈ అడ్డు తొలగుతుందన్నది ఆయన లెక్క.

మరి మరోపక్క యాత్ర నడిపినాయన మీద వినియోగదారుల కమిషన్‌కు వెళ్లి ‘32 వేలు తీసుకుని సరైన సేవ ఇవ్వలేదు’ అని ఎలా అంటారు? ఒకచోట డబ్బు ఇచ్చామని, ఇంకోచోట ఇవ్వలేదని చెప్పడం రెండు పడవల మీద కాళ్లు పెట్టడమే. బీమా కంపెనీల దర్యాప్తు మనుషులు ఫోను గ్రూపుల్లోని సందేశాలు, యూపీఐ చెల్లింపుల వివరాలు ఇట్టే పట్టుకుంటారు. మీ తమ్ముడి పక్కన కూర్చున్నవాళ్లలో ఒక్కరు నిజం చెప్పినా చాలు. అబద్ధం బయటపడితే బీమా వాదన ఓడిపోవడమే కాదు, డ్రైవరు నిర్లక్ష్యం గురించి మీరు చెప్పే నిజాన్ని కూడా ఎవరూ నమ్మరు. ప్రమాణం చేసి తప్పుడు సాక్ష్యం చెప్పడం నేరం కూడా. రెండు చోట్లా ఒకటే మాట చెప్పండి: డబ్బు ఇచ్చాం, ఇంత ఇచ్చాం, ఫలానావారికి ఇచ్చాం.

అలా చెబితే బీమా డబ్బు పోయినట్టేనా? కాదు. మీ తమ్ముడు డబ్బు కట్టింది యాత్ర నడిపినాయనకు. ఆయన బండి యజమానికి అద్దె ఇచ్చారా, ఎంత ఇచ్చారు, ఆ బండి అద్దెకు తిరుగుతోందని యజమానికి తెలుసా అన్నవి వేరే ప్రశ్నలు. పాలసీ షరతును యజమాని ఉల్లంఘించాడని నిరూపించాల్సిన భారం బీమా కంపెనీ మీదే ఉంటుందని 2004లో సుప్రీంకోర్టు స్పష్టంచేసింది. ‘మేం ఇవ్వం’ అని వాళ్లు రాసిన ఉత్తరం తీర్పు కాదు. ఉల్లంఘన నిరూపణ అయినా, పర్మిట్ లేని వాహనం కేసులో బీమా కంపెనీ ముందు బాధితుడికి చెల్లించి ఆ తర్వాత యజమాని దగ్గర రాబట్టుకోవాలన్న ఆదేశాన్ని 2018లో సుప్రీంకోర్టు సమర్థించింది. అయితే ఆ కేసులో బాధితుడు బండి బయటి మనిషి. బండిలోని ప్రయాణికుడికి అదే సూత్రం వర్తించదని కంపెనీ గట్టిగా వాదిస్తుంది, ఆ వాదన విన్న న్యాయమూర్తులు అన్ని సందర్భాల్లో ఒకే దారిలో వెళ్లలేదు. అందుకే డ్రైవరు, యజమాని, బీమా కంపెనీ ముగ్గురినీ ప్రతివాదులుగా చేర్చండి. కంపెనీ తప్పించుకున్నా యజమాని తప్పించుకోలేడు. పర్మిట్ లేకుండా బండిని అద్దెకు తిప్పినందుకు 192ఎ సెక్షన్ కింద ఆయనకు 10,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు పడే వీలుంది. ఆ కేసు నడిచిందో లేదో కేలాంగ్ నుంచి వచ్చే కాగితాల్లో తెలుస్తుంది.

పరిహారం ఎంత రావచ్చన్నది మీరు అడగలేదు కానీ, పోలీసు కాగితాలు వస్తే కంపెనీ అధికారి ఒక మొత్తం ప్రతిపాదించవచ్చు కాబట్టి చెబుతాను. ఎవరి తప్పో నిరూపించనక్కర్లేకుండా తీవ్ర గాయానికి రెండున్నర లక్షలు ఇచ్చే 164వ సెక్షన్ ఒకటి ఉంది. ఆ డబ్బు తీసుకుంటే ట్రిబ్యునల్‌లోని మీ దరఖాస్తు రద్దవుతుంది. తొడ ఎముక ఆపరేషన్, ఉద్యోగానికి సెలవులు, మళ్లీ రాడ్డు తీయించాల్సి వస్తే దాని ఖర్చు, నడకలో మిగిలే లోపం అన్నీ లెక్కిస్తే అసలు నష్టం అంతకంటే ఎక్కువే కావచ్చు. శాశ్వత వైకల్యం మిగిలితే వైద్యులు చెప్పే శాతం ఒక్కటే చూడకూడదని, ఆ లోపం వల్ల అతని సంపాదన ఎంత తగ్గుతుందో చూడాలని సుప్రీంకోర్టు చెప్పింది. 26 నుంచి 30 ఏళ్ల వయసుకు గుణకం 17. అంటే ఏడాదికి తగ్గే ఆదాయాన్ని 17తో హెచ్చిస్తారు. అందుకే జీతం రసీదులు, ఆదాయపు పన్ను రిటర్నులు, వైకల్య ధ్రువపత్రం చేతిలోకి రాకుండా దేని మీదా సంతకం పెట్టవద్దు.

ఇక యాత్ర నడిపినాయన. ‘స్నేహితుల ఖర్చులు చేర్చానంతే’ అన్న మాట నిజమైతే చట్టం ఆయన పక్షానే ఉంటుంది. పది మంది మిత్రులు డీజిలు, గదుల ఖర్చు సమానంగా పంచుకుంటే అందులో ఒకరు లెక్కలు రాసినంత మాత్రాన సేవలు అమ్మేవాడైపోడు. అలాంటివాళ్ల మీద కేసులు వేసే అలవాటు మొదలైతే ఇక ఎవరూ ఎవరితోనూ కలిసి ప్రయాణం చేయరు. కానీ మీరు రాసినదాన్ని బట్టి ఆయన ఏటా యాత్రలు నడుపుతున్నారు. తాను కూడా 32 వేలు వేసుకున్నారా? మిగులు తీసుకున్నారా? ముక్కూమొహం తెలియనివాళ్లను కూడా చేర్చుకోవడానికి ప్రకటన పెట్టారా? ఖర్చుల లెక్క ఎప్పుడైనా చూపించారా? వీటికి దొరికే జవాబులే ఆయన మిత్రుడో వ్యాపారో తేలుస్తాయి. రిజిస్టర్ చేసుకున్న సంస్థ కాకపోవడం ఆయనకు కవచం కాదు.

వ్యాపారి అని తేలితే సేవాలోపం చూపించడం అంత కష్టం కాదు. మనాలి ఎత్తు రెండు వేల మీటర్ల పైచిలుకు, బారాలాచా లా దాదాపు 4,890 మీటర్లు, సర్చు దాదాపు 4,290. మూడు వేల మీటర్లు దాటాక, రాత్రి పడుకునే ఎత్తు రోజుకు 500 మీటర్లకు మించి పెరగకూడదన్నది కొండల వైద్యంలో అందరూ పాటించే జాగ్రత్త. మనాలిలో లేచినవాళ్లను ఒక్క రోజులో సర్చులో పడుకోబెట్టాలనుకోవడమే మొదటి తప్పు. దారిలో జిస్పాలోనో, కేలాంగ్‌లోనో ఒక రాత్రి ఆగితే, సర్చు నుంచి వెనక్కి వచ్చిన ఆ ఇద్దరికీ ఊపిరి ఆడకపోవడం తప్పేదేమో. డ్రైవరును తెల్లవారుజాము నుంచి చీకటి పడేదాకా ఆ మలుపుల్లో నడిపించడం రెండో తప్పు. పర్మిట్ లేని బండిలో మనుషుల్ని ఎక్కించడం మూడోది. ఇవన్నీ ఆయన పంపిన ప్రణాళికలోనే రాసి ఉంటే అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు. గ్రూపు నుంచి ఎవరూ బయటికి రావద్దు, సందేశాలు చెరపవద్దు. స్క్రీన్‌షాట్లు తీసిన ఫోనును కూడా జాగ్రత్త చేయండి. వాటిని కోర్టులో పెట్టేటప్పుడు భారతీయ సాక్ష్య అధినియమ్ 63వ సెక్షన్ ప్రకారం ధ్రువపత్రం జతచేయాలి.

ఈ ఫిర్యాదూ మీ ఊళ్లోనే వేయొచ్చు. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 34వ సెక్షన్ ఆ వీలు కల్పించింది. చెల్లించిన సొమ్ము అయిదు లక్షల లోపు కాబట్టి జిల్లా కమిషన్‌లో రుసుము లేదు, గడువు రెండేళ్లు. అయితే ఒకే ఆసుపత్రి బిల్లును ట్రిబ్యునల్‌లోనూ ఇక్కడా అడగకూడదు. గాయానికి పరిహారం అక్కడ, యాత్ర సొమ్ము, మనోవేదన ఇక్కడ అని విడదీసుకోండి.

వెనక్కి వచ్చిన ఇద్దరి విషయం వేరు. ‘కట్టిన డబ్బు తిరిగి ఇవ్వబడదు’ అని రాసుకున్నంత మాత్రాన అంతా మింగేయడం కుదరదు. కాంట్రాక్టు చట్టం 74వ సెక్షన్ ప్రకారం సమంజసమైన నష్టం మేరకే పట్టుకోవాలి. సర్చు తర్వాతి రాత్రుల బస, భోజనం, బండి వాటాల్లో ఆయన నిజంగా ఎంత చెల్లించారో రసీదులతో చూపించమని ముందు ఒక నోటీసు ఇవ్వండి, పదిహేను రోజులు గడువు పెట్టండి. సరైన ప్రణాళికతో వెళ్లి, తమ ఒంటి తత్వం వల్ల మాత్రమే జబ్బుపడి ఉంటే పెద్దగా రాదని నేనే చెప్పేవాణ్ని. ఇక్కడ ప్రణాళికే లోపం కాబట్టి వాళ్లకు బలమైన వాదన ఉంది. సర్చులోనో, దిగువకు వచ్చాకనో వైద్యులెవరైనా చూసి ఉంటే ఆ చీటీ తప్పనిసరిగా జతచేయమనండి. వాళ్ల ఫిర్యాదు వాళ్లే వేయాలి. మీ తమ్ముడి కేసులో వాళ్లను ఫిర్యాదుదారులుగా కాక, ఆ రాత్రి బండ్లు ఏ వేళకు ఎక్కడున్నాయో చెప్పే సాక్షులుగా పెట్టుకోండి.