గైనిక్ కోసం టెక్సాస్‌కా, చికాగోకా? మేనమామ ఇల్లు చూసి తేల్చకండి

ప్రశ్న: మా అమ్మాయి ఎంబీబీఎస్ అయిపోయి హౌస్ సర్జన్‌గా చేస్తోంది. అమెరికాలో గైనిక్ రెసిడెన్సీ (అక్కడి పీజీ శిక్షణ) చేయాలని పట్టుదల. మా తమ్ముడు డల్లాస్ పక్కన ఫ్రిస్కోలో ఉన్నాడు, టెక్సాస్ అయితే మాకు ధైర్యం. తనేమో అక్కడ అబార్షన్ చట్టాల వల్ల డాక్టర్లకు జైలు భయం ఉందని, చికాగో వైపే వెళ్తానని అంటోంది. రెండిట్లో ఏది మేలు? లేకపోతే గైనిక్ మానేసి ఇంటర్నల్ మెడిసిన్ పెట్టుకోమనాలా? అంత దూరంలో ఒక్కతే ఎలా ఉంటుందో అని నిద్ర పట్టడం లేదు. (ఒక తల్లి, గుంటూరు)

జవాబు: అమ్మా, మీ చివరి వాక్యమే అసలు ప్రశ్న. ఇలాంటి ఉత్తరాలు నాకు చాలా వస్తాయి, మేనమామ ఉండే ఊరు మారుతుంది గానీ భయం అదే.

ముందు ఒక సంగతి తేల్చేద్దాం. మీ అమ్మాయి చెప్పింది పుకారు కాదు. 2022 జూన్ 24న అమెరికా సుప్రీంకోర్టు డాబ్స్ కేసులో, అబార్షన్‌ను హక్కుగా గుర్తిస్తూ 1973 నుంచి ఉన్న రో తీర్పును కొట్టేసి అబార్షన్ విషయాన్ని రాష్ట్రాలకు వదిలేసింది. టెక్సాస్‌లో ఆ ఆగస్టు నుంచే తల్లి ప్రాణానికి ప్రమాదమో, శరీరంలో ఏదైనా ముఖ్యమైన పని తీవ్రంగా దెబ్బతినే ముప్పో ఉంటే తప్ప చేయకూడదు. అత్యాచారం జరిగినా మినహాయింపు లేదు. చట్టం దాటిన డాక్టర్‌కు యావజ్జీవం దాకా జైలు, లక్ష డాలర్లకు తగ్గని జరిమానా, లైసెన్సు రద్దు. చికాగో ఉన్న ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఈ నిషేధం లేదు, చుట్టుపక్కల రాష్ట్రాల ఆడవాళ్ళు అక్కడికే వెళ్తున్నారు.

అలాగని టెక్సాస్‌లో గైనిక్ చేసేవాళ్ళందరూ కోర్టుల చుట్టూ తిరగడం లేదు. కాన్పులు, సిజేరియన్లు, గర్భసంచి ఆపరేషన్లు అన్నీ మామూలుగానే జరుగుతాయి. రెసిడెంట్ పైన ఎప్పుడూ సీనియర్ ఉంటారు. తల్లి ప్రాణం పోయే క్షణం దాకా ఆగక్కర్లేదని 2025లో చట్టాన్ని కొంత స్పష్టం చేశారు కూడా. కాబట్టి జైలు భయంతో నిద్ర మానకండి.

నా దిగులు జైలు గురించి కాదు, చదువు గురించి. నిషేధం ఉన్న ఒక రాష్ట్రంలో రెసిడెన్సీ చేస్తున్న నా పాత స్టూడెంట్ ఒకరోజు ఫోన్ చేసింది. పదిహేడు వారాల గర్భిణికి ఉమ్మనీరు పోయింది. బిడ్డ బతకదని గదిలో ఉన్న అందరికీ తెలుసు, కానీ గుండె ఇంకా కొట్టుకుంటోంది. ఇన్ఫెక్షన్ గుర్తులు కనిపించేదాకా చూద్దామన్నారు, రాత్రి రెండింటికి ఆసుపత్రి లాయరును లేపారు. "గంటగంటకీ జ్వరం చూడటమే ఆ రాత్రి నేను చేసిన వైద్యం, మేడమ్" అంది. ఆ పేషెంట్ బతికింది. నా స్టూడెంట్ మాత్రం నెల రోజులు సరిగా తిండి తినలేదు.

గర్భం దానంతటదే పోయినప్పుడు గర్భసంచిని శుభ్రం చేసే డీ అండ్ సీ, అబార్షన్‌లో వాడే పద్ధతి చాలావరకు ఒకటే. కళ్ళతో చూసి, చేత్తో చేస్తేనే వస్తుంది. అందుకే అక్కడి రెసిడెన్సీ నియమాల ప్రకారం మనస్సాక్షి ఒప్పుకోని వాళ్ళకు తప్ప మిగతా వాళ్ళకు ఆ శిక్షణ దొరకాలి, సొంత రాష్ట్రంలో వీలు కాకపోతే వేరే రాష్ట్రంలో ఏర్పాటు చేయాలి. ఇంటర్వ్యూలో మీ అమ్మాయి అడగాల్సింది ఇదే. ఎక్కడికి పంపుతారు, ఎన్ని వారాలు, ఉండే ఖర్చు ఎవరిది? తడబడకుండా జవాబు చెప్పిన ప్రోగ్రామ్ టెక్సాస్‌లో ఉన్నా పరవాలేదు.

ఇప్పుడు మిమ్మల్ని కాస్త గట్టిగానే అడుగుతాను, ఏమీ అనుకోవద్దు. టెక్సాస్ అంటే ఫ్రిస్కో అని మీకెవరు చెప్పారు? అదే రాష్ట్రంలోని ఎల్ పాసోలో మ్యాచ్ అయితే, అంటే సీటు అక్కడ వస్తే, డల్లాస్‌కు వెయ్యి కిలోమీటర్లు. ఇంటర్వ్యూ ఇచ్చిన చోట్లను వరసగా రాసి ఇవ్వడం వరకే మన చేతిలో ఉంటుంది, ఒకసారి మ్యాచ్ అయ్యాక మార్చుకోవడం కుదరదు. వారానికి ఎనభై గంటల దాకా డ్యూటీ చేసే పిల్ల మేనమామ ఇంట్లో భోజనం చేసేది ఎన్నిసార్లు? పైగా అది నాలుగేళ్ళ కోర్సు, ఈలోగా చట్టాలు అలాగే ఉంటాయా? ఒహాయోలో 2023లో జనం ఓటేసి అబార్షన్ హక్కును రాష్ట్ర రాజ్యాంగంలో పెట్టుకున్నారు. ఫ్లోరిడాలో 2024లో అలాంటి ఓటింగ్‌లోనే 57 శాతం అవునన్నా 60 కావాలి కాబట్టి ఓడిపోయింది, ఆరు వారాల నిషేధమే మిగిలింది. ఇంకొకటి, ఇది తల్లిదండ్రులెవరూ ఆలోచించరు. మీ అమ్మాయి అక్కడ డాక్టరే కాదు, పెళ్ళయి గర్భం వస్తే పేషెంట్ కూడా, ఆ చట్టం తనకీ వర్తిస్తుంది. తను చికాగో అంటున్నది మొండితనంతో కాదు, మీకంటే ఎక్కువ ఆలోచించే అంటోంది.

అసలు ఈ అమెరికా గైనిక్ మోజు మీదే నాకు అనుమానాలున్నాయి. ఏడాదికి సుమారు 1500 సీట్లు, దాదాపు అన్నీ అక్కడ చదివిన వాళ్ళతోనే నిండిపోతాయి, బయటి దేశాల వాళ్ళకు మిగిలేవి చాలా కొద్ది. లక్షలు కట్టించుకునే కన్సల్టెన్సీలు ఈ మాట చివరిదాకా చెప్పవు. శిక్షణకు వచ్చే విదేశీ డాక్టర్లకు ఇచ్చే జే-1 వీసా మీద చేస్తే కోర్సు తర్వాత రెండేళ్ళు వెనక్కి రావాలి, లేదంటే డాక్టర్లు కరువైన ప్రాంతంలో మూడేళ్ళు పనిచేసి మినహాయింపు తెచ్చుకోవాలి. చికాగోలో చదివినా ఆ ఉద్యోగం నిషేధం ఉన్న రాష్ట్రంలోనే దొరకవచ్చు.

ఇక్కడి పీజీని ఎందుకు తీసిపారేస్తున్నారో నాకు అర్థం కాదు. మన దగ్గర అబార్షన్‌ను అనుమతించే చట్టం 1971 నుంచి ఉంది, 2021 సవరణతో కొన్ని వర్గాల వాళ్ళకు 24 వారాల దాకా పెంచారు. డాబ్స్ తీర్పు వచ్చిన మూడు నెలలకే, 2022 సెప్టెంబర్ 29న, పెళ్ళికాని ఆడవాళ్ళకూ అది వర్తిస్తుందని మన సుప్రీంకోర్టు చెప్పింది. మన ప్రభుత్వాసుపత్రి లేబర్ రూమ్‌లో మూడేళ్ళు చేసిన పిల్ల చేతికి వచ్చే పనితనం చిన్నదేమీ కాదు.

ఇంటర్నల్ మెడిసిన్‌లో మనవాళ్ళకు సీట్లు చాలా ఎక్కువ, నిజమే. తనకు ఇష్టముంటే దానికీ అప్లై చేయొచ్చు. మీ భయం తీరడానికి మాత్రం చేయించకండి, ఇష్టం లేని బ్రాంచ్‌లో ఏడుస్తూ నెట్టుకొస్తున్న పిల్లల్ని నేను చూశాను.

ఒక్కతే ఉండగలదా అన్నారు. రాత్రి డ్యూటీలో కాన్పులు చేసి పొద్దున ఇంటికొస్తున్న పిల్ల అమ్మా, ఉండగలదు. ఈ ఆదివారం టెక్సాస్ మాట ఎత్తకుండా పక్కన కూర్చోబెట్టుకుని, ఈ ఏడాది లేబర్ రూమ్‌లో ఏం చూసిందో చెప్పమనండి. తను చెప్పేది అయిపోయేదాకా మధ్యలో తమ్ముడికి ఫోన్ చేయకండి.