గణాలు కుదరలేదని నిశ్చితార్థమైన పెళ్ళిని పెద్దలు ఆపగలరా?

ప్రశ్న: పెద్దలు కుదిర్చిన సంబంధమే మాది. నిశ్చితార్థమై లగ్నపత్రిక కూడా రాసుకున్న తరువాత, వరుడి పెదనాన్నగారు మా జాతకాలను మరొక సిద్ధాంతిగారికి చూపించారు. నక్షత్రాన్ని బట్టి అబ్బాయిది పునర్వసు కనుక దేవగణమనీ, నాది మఖ కనుక రాక్షసగణమనీ, ఒక్కో నక్షత్రానికి ఒక్కో జంతువును చెప్పే యోనులు చూసినా మావి పిల్లి, ఎలుక కనుక శత్రువులనీ, ఈ పెళ్ళి జరిగితే అబ్బాయికి ప్రాణగండమనీ ఆయన చెప్పారట. వాళ్ళు పెళ్ళి వద్దంటున్నారు. తన కూతురిని రాక్షసి అన్నారని మా నాన్నగారు కూడా ఆ ఇంటి మాటే ఎత్తవద్దంటున్నారు. పుట్టిన సమయం మార్చి వేరే జాతకం రాయించమని ఒక బంధువు సలహా ఇచ్చారు. నాకు 26, వరుడికి 29 ఏళ్ళు. మేమిద్దరం పెళ్ళి చేసుకోవాలనే నిశ్చయించుకున్నాం. చట్టం ఏమంటుంది?

జవాబు: మీరిద్దరూ మేజర్లు, ఇద్దరికీ ఇష్టం ఉంది కనుక మీ పెళ్ళిని ఆపే అధికారం ఏ ఇంటి పెద్దలకూ లేదు. హిందూ వివాహ చట్టం, 1955లోని 5వ సెక్షన్ పెళ్ళికి కావలసిన షరతులను పేర్కొన్నది. వధూవరులలో ఎవరికీ జీవించి ఉన్న భార్య లేదా భర్త ఉండకూడదు, సమ్మతి తెలిపే మానసిక స్థితి ఉండాలి, వరుడికి 21, వధువుకు 18 ఏళ్ళు నిండాలి, ఆచారం అనుమతించని దగ్గరి రక్తసంబంధం ఉండకూడదు. వీటిలో నక్షత్రం లేదు, గణం లేదు, యోని పొంతన లేదు. పైగా ఆ చట్టంలో ఏర్పాటు ఉన్న విషయాలకు సంబంధించి పాత శాస్త్రవచనాలు, ఆచారాలు ఇక చెల్లవని 4వ సెక్షన్ స్పష్టంగా చెబుతోంది. స్వగోత్రీకుల పెళ్ళికి ఉన్న అడ్డంకినే 1946లో చట్టం చేసి తొలగించిన దేశంలో, దేవగణానికీ రాక్షసగణానికీ మధ్య చట్టం గోడ కడుతుందని మీరు భయపడనక్కరలేదు. 2023లో అలహాబాద్ హైకోర్టు ఒక యువతికి కుజదోషం ఉందో లేదో తేల్చమని లక్నో విశ్వవిద్యాలయ జ్యోతిష విభాగాన్ని ఆదేశించినప్పుడు, సుప్రీంకోర్టు వేసవి సెలవుల్లోనే తనంతట తాను కలగజేసుకొని ఆ ఉత్తర్వును నిలిపివేసింది.

అయితే మీ లేఖలో నన్ను ఎక్కువగా కలవరపెట్టినది పెద్దల అభ్యంతరం కాదు, జాతకం మార్చమన్న ఆ బంధువు సలహా. దయచేసి ఆ పని చేయకండి. ప్రతివాదికి, అంటే కేసులో ఎదుటి పక్షమైన భార్యకో భర్తకో సంబంధించిన ముఖ్య విషయంలో మోసం చేసి సమ్మతి పొందితే ఆ వివాహాన్ని రద్దు చేయమని కోరే హక్కును హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ ఇస్తోంది, మోసం బయటపడిన నాటి నుండి ఏడాదిలోగా ఆ పిటిషన్ వేయవచ్చు. మీ విషయంలో వరుడికి అసలు జాతకం ముందే తెలుసు కనుక ఆ కేసు నిలవకపోవచ్చు. కానీ రేపు ఏదైనా కలత వస్తే, "దొంగ జాతకం చూపించి పెళ్ళి చేశారు" అని ఆరోపించడానికి ఒక కాగితాన్ని మీ చేతులతో మీరే వాళ్ళకు అందించినట్లవుతుంది. మఖ నక్షత్రంలో పుట్టడం దాచుకోవలసిన తప్పు కాదు. మీకు వీలైతే, మీ అసలు నక్షత్రం, ఆయన నక్షత్రం రెండూ తెలిసే మీరు ముందుకు వెళ్తున్నారని ఇద్దరి మధ్య ఒక సందేశమో ఈమెయిలో ఉండేలా చూసుకోండి.

నిశ్చితార్థం చట్టం దృష్టిలో పెళ్ళి కాదు. దాన్ని చూపి ఎవరినీ పీటల మీద కూర్చోబెట్టమని కోర్టు ఆదేశించదు. మాట తప్పిన పక్షం నుండి ఖర్చులకు నష్టపరిహారం అడిగే వీలు కాంట్రాక్టు చట్టం కింద ఉన్నప్పటికీ, మీరిద్దరూ పెళ్ళికి సిద్ధంగానే ఉన్నారు కనుక ఆ దారి మీకు అవసరం లేదు. నిశ్చితార్థంలో పెట్టిన ఉంగరం, గొలుసు, చీరలు తిరిగి ఇమ్మని పెద్దలు ఒత్తిడి చేస్తే, వస్తువుల జాబితా రాసి, తీసుకున్నవారి సంతకం పొందిన తరువాతే ఇవ్వండి. దోష పరిహారం పేరుతోనో, గండం తప్పించే శాంతి పేరుతోనో పెళ్ళికి ఒప్పుకోవడానికి అదనపు సొమ్ము అడిగితే, పేరు ఏదైనా అది కట్నం అడగడమే కావచ్చు. వరకట్న నిషేధ చట్టం, 1961 ప్రకారం అడగడం కూడా నేరమే.

ఇక పెళ్ళి ఎలా చేసుకోవాలన్నది. ప్రత్యేక వివాహ చట్టం, 1954 కింద వెళ్తే ముందుగా నోటీసు ఇవ్వాలి, దాన్ని వివాహ అధికారి కార్యాలయంలో అందరికీ కనబడేలా అంటిస్తారు, 30 రోజులు ఆగాలి. ఆ వ్యవధిలో అభ్యంతరం చెప్పేవారు చట్టంలోని షరతుల ఉల్లంఘనను మాత్రమే చూపగలరు, గణదోషం అభ్యంతరంగా చెల్లదు. అయినా ఆ 30 రోజులలో ఇంటి దగ్గర మీ మీద ఒత్తిడి పెరిగే ప్రమాదం ఉంది. మీరిద్దరూ హిందువులే అయితే, ఒక దేవాలయంలోనో ఆర్యసమాజంలోనో సంప్రదాయబద్ధంగా పెళ్ళి చేసుకొని సబ్ రిజిస్ట్రార్ కార్యాలయంలో నమోదు చేయించుకోవడం మీకు అనువైనదని నా అభిప్రాయం. కానీ తంతు జరపకుండా నేరుగా ధ్రువపత్రం సంపాదిస్తే సరిపోతుందనుకోవద్దు, హిందూ వివాహ చట్టం 7వ సెక్షన్ కోరే వివాహ తంతు జరగనిదే రిజిస్ట్రేషన్ ఒక్కటే పెళ్ళిని సృష్టించదని సుప్రీంకోర్టు 2024లో తేల్చి చెప్పింది. కనుక జీలకర్ర బెల్లం, మాంగల్యధారణ, సప్తపది ఫొటోలు, వీడియో, పురోహితుని వివరాలు, సాక్షుల గుర్తింపు పత్రాలు, మీ వయసు ధ్రువపత్రాలు భద్రంగా ఉంచుకోండి. తల్లిదండ్రుల సంతకం ఎక్కడా తప్పనిసరి కాదు.

మీ నాన్నగారి కోపం అవమానం వల్ల వచ్చినది, ఆ బాధ న్యాయమైనదే కనుక, వరుడే స్వయంగా వచ్చి ఆయనతో మాట్లాడడం మంచిది. అయినా ఎవరైనా మిమ్మల్ని గదిలో పెట్టి తాళం వేసినా, ఫోను లాక్కొని కదలనివ్వకపోయినా భారతీయ న్యాయ సంహిత 127వ సెక్షన్ కింద అది అక్రమ నిర్బంధం, చంపుతామని బెదిరిస్తే 351వ సెక్షన్ వర్తిస్తుంది. 112కు గాని, మహిళల సహాయ సంఖ్య 181కి గాని ఫోను చేయండి. ఇష్టపడి పెళ్ళి చేసుకునే మేజర్లకు రక్షణ కల్పించాలని సుప్రీంకోర్టు 2006లో లతా సింగ్ కేసులోను, 2018లో శక్తి వాహిని కేసులోను పోలీసులను ఆదేశించింది, ఆ తీర్పుల ఆధారంగా రాజ్యాంగం 226వ అధికరణం కింద హైకోర్టులో రక్షణ కోసం రిట్ వేయవచ్చు. మీరు కనబడడం లేదని ఇంట్లోవాళ్ళు ఫిర్యాదు చేస్తే దాక్కోకండి. న్యాయవాదితో కలిసి మీరే ఆ పోలీసు స్టేషనుకు వెళ్ళి, మీ వయసు రుజువు చూపి, నా ఇష్టంతోనే వచ్చానని రాతపూర్వకంగా చెప్పండి, అవసరమైతే మేజిస్ట్రేటు ఎదుట వాంగ్మూలం నమోదు చేయించమని కోరండి.