సిమెంటు కాలవ చూడ్డానికి సారాయెవో దాకా

ప్రశ్న: మా అమ్మాయి బెర్లిన్‌లో ఉంటోంది. మే నెలలో నేనూ మా ఆవిడా వెళ్తున్నాం. ఒలింపిక్స్ అయిపోయాక వదిలేసిన స్టేడియాలు చూడాలని నాకు ఎప్పట్నుంచో కోరిక. ఏథెన్స్, సారాయెవో అని రాసి పెట్టుకున్నాను. అల్లుడేమో ‘పాడుబడ్డ చోట్లకి ఎందుకండీ, ఎవరైనా పట్టుకుంటే టెన్షన్’ అంటున్నాడు. వెళ్లొచ్చంటారా?
- ఒక పాఠకుడు, సత్యనారాయణపురం, విజయవాడ

జవాబు: ఏథెన్స్ కొట్టేయండి. 2004 ఆటలకి అక్కడి పాత విమానాశ్రయంలో కట్టిన సాఫ్ట్‌బాల్, హాకీ మైదానాల్లో పిచ్చిమొక్కలు మొలిచిన ఫొటోలు చూసి ఉంటారు. ఆ జాగాలో ఇప్పుడు టవర్లు లేస్తున్నాయి. కంచె దూకితే మీ అల్లుడుగారు చెప్పిందే అవుతుంది.

బోస్నియా రాజధాని సారాయెవో మాత్రం వెళ్లి తీరాలి. 1984 శీతాకాల ఒలింపిక్స్‌కి ట్రెబెవిచ్ కొండ మీద కట్టిన బాబ్‌స్లే (మంచు మీద జారే బండ్ల పోటీ) ట్రాక్‌కి గేటూ లేదు, టికెట్టూ లేదు. 1990ల నాటి బోస్నియా యుద్ధంలో దెబ్బతిన్న కేబుల్ కారుని 2018లో మళ్లీ నడిపారు. పాత ఊళ్లో ఎక్కితే కొండ మీద దింపుతుంది. కాస్త నడిస్తే చెట్ల మధ్య ట్రాక్ కనిపిస్తుంది, పొడవు సుమారు 1,300 మీటర్లు. మా ఆవిడ దాన్ని చూడగానే, ‘మన బందరు కాలవకి సిమెంటు చేసి నీళ్లు వదలడం మర్చిపోయినట్టుందండీ’ అంది. గుంటూరు నుంచి ఇంత దూరం ఇందుకా తీసుకొచ్చావన్నట్టు నా వంక ఒక చూపు కూడా చూసింది.

మలుపుల దగ్గర గోడ మనిషెత్తు దాటి లేస్తుంది. గోడంతా రంగురంగుల బొమ్మలే. అక్కడక్కడా కన్నాలుంటాయి, అవి మాత్రం ఆటవి కావు. 1992లో ముట్టడి మొదలయ్యాక సెర్బు సేనలు ఈ కొండ మీంచే ఊరి మీద కాల్పులు జరిపాయి. ఒక కన్నానికి కన్ను ఆనించి చూశాను. ఎదురుగా ఒక చెట్టు అడ్డం పెరిగింది.

నేను చేసిన తప్పు మీరు చెయ్యకండి. తోలు చెప్పులేసుకుని వెళ్లి, నాచు మీద జారి కూలబడ్డాను. సైకిలేసుకొచ్చిన కుర్రాడొకడు లేపాడు. మంచి పట్టున్న బూట్లు వేసుకోండి. దారి వదిలి చెట్లలోకి మాత్రం పోవద్దు, యుద్ధకాలం నాటి మందుపాతరలు ఆ దేశంలో ఇంకా పూర్తిగా తీయలేదు. వీసా సంగతి మరవకండి. ఒకే వీసాతో తిరగనిచ్చే యూరప్ దేశాల కూటమి షెంజెన్‌లో జర్మనీ ఉంది, బోస్నియా లేదు. మీది సింగిల్ ఎంట్రీ అయితే మళ్లీ బెర్లిన్ రానివ్వరు, మల్టిపులే తీసుకోండి.

కిందకి దిగాక జెట్రా హాలుకి వెళ్లండి. ఫిగర్ స్కేటింగ్ పోటీలు జరిగింది అందులోనే. పక్క మైదానం యుద్ధంలో శ్మశానమైంది. ఆ సమాధుల మధ్య నిలబడి ‘పాడుబడ్డ స్టేడియం’ అనడానికి నాకు నోరు రాలేదు. ఫొటో కూడా తియ్యలేదు.

ఇంతకీ మీరు రాసుకోని చోటొకటి అమ్మాయి ఇంటికి దగ్గర్లోనే ఉంది. బెర్లిన్‌కి పడమరగా ఎల్‌స్టాల్‌లో 1936 ఒలింపిక్ గ్రామం. ఆ ఆటల్లో నాలుగు స్వర్ణాలు గెలిచిన అమెరికా అథ్లెట్ జెస్సీ ఓవెన్స్ బస అక్కడే. హాకీ ఫైనల్లో జర్మనీని 8-1తో కొట్టిన మన ధ్యాన్‌చంద్ జట్టూ అక్కడే దిగింది. తర్వాత దశాబ్దాల పాటు సోవియట్ సైన్యం ఉండి వెళ్లిపోయాక చాలా భాగం శిథిలమైంది. ఏ రోజుల్లో చూడనిస్తారో అమ్మాయిని ముందే కనుక్కోమనండి. ఆటగాళ్ల భోజనశాలని మటుకు అపార్ట్‌మెంట్లుగా మార్చేశారు, జనం కాపురాలుంటున్నారు. బయటినుంచే చూడండి, బెల్లు కొట్టకండి.